నార్వే పిల్లల సంరక్షణ శాఖను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న (విజయవాడ నుంచి)

మా వారికి స్టవాంగర్‌లో ఉద్యోగం ఖాయమైంది. ఐదేళ్ల బాబును తీసుకుని వేసవిలో వెళ్లాలి. 2011లో అదే ఊళ్లో ఒక భారతీయ కుటుంబం నుంచి ఇద్దరు పసిపిల్లలను అక్కడి పిల్లల సంరక్షణ శాఖ, అంటే బార్నెవర్నెట్, తీసుకుపోయిన సంగతి మా అత్తగారు ఇప్పటికీ మరచిపోలేదు. అన్నం చేత్తో కలిపి పెట్టినా, బిడ్డను పక్కలో పడుకోబెట్టుకున్నా లాక్కుపోతారని ఆవిడ భయం. అక్కడ ఉంటున్నవారు దయచేసి చెప్పగలరా?

సమాధానం (ఓస్లో నుంచి)

అమ్మా, చేత్తో తినిపించడం వంటివే కారణాలని ఆ తల్లిదండ్రులు చెప్పారు. శాఖ దాన్ని ఒప్పుకోలేదు గాని, గోప్యత నిబంధన ఉన్నందున వివరాలు బయటపెట్టలేదు. అపనమ్మకం పుట్టేది సరిగ్గా ఇక్కడే: ఒక పక్షం టీవీలో కన్నీళ్లు పెట్టుకుంటుంది, రెండో పక్షం నోరు విప్పదు.

కొట్టడం సంగతి వేరు. దాన్ని 1987లోనే నిషేధించారు. చిన్న దెబ్బ ఫరవాలేదేమో అన్న సందేహాన్ని కూడా 2010 సవరణ తీర్చేసింది. 2012 డిసెంబరులో కన్నకొడుకును హింసించిన నేరానికి ఒక తెలుగు దంపతులకు ఓస్లో కోర్టు జైలు శిక్ష వేసింది. మా పెంపకమే ఇంత అన్న వాదన ఇక్కడ చెల్లదు, చెల్లకూడదు కూడా.

సమాధానం (బెర్గెన్ నుంచి)

పై వారు శాఖను కాస్త తేలిగ్గా వదిలేశారు. ఒక తల్లి బిడ్డను ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా దత్తతకిచ్చిన కేసులో, నార్వే కుటుంబ జీవన హక్కును ఉల్లంఘించిందని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానపు విస్తృత ధర్మాసనం 2019 సెప్టెంబరులో 13–4 మెజారిటీతో తేల్చింది. తల్లీబిడ్డలు కలుసుకునే సందర్భాలను మరీ కుదించి, ఆ కొద్దిపాటి కలయికల్లో కనిపించినదాన్నే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చేసుకుని, కొత్తగా నిపుణుల పరీక్ష అయినా జరిపించకుండా దత్తతదాకా వెళ్లడాన్ని అది తప్పుపట్టింది. కలవనివ్వనిది వాళ్లే, అనుబంధం లేదన్నదీ వాళ్లే! అటుపైన నార్వే సుప్రీంకోర్టు 2020లో కింది కోర్టులకు మార్గదర్శనం చేసింది. 2023 జనవరి నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. ఉద్యోగుల అలవాట్లు మాత్రం చట్టమంత వేగంగా మారవని నా అనుమానం.

సమాధానం (ఓస్లో నుంచి)

ఆ తీర్పు విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే శాఖ చేపట్టే చర్యల్లో అధికభాగం పిల్లలు ఇంట్లో ఉండగానే అందించే సహాయమే. బలవంతంగా వేరుచేయాలంటే నిర్ణయం శాఖది కాదు, ప్రత్యేక మండలిది. అక్కడ తల్లిదండ్రులకు ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. అత్యవసర ఉత్తర్వు అయితే అప్పటికప్పుడే అమలవుతుంది, భయపడవలసింది దానికే.

అమ్మా, బాబు విషయంలో తీవ్రమైన ఆందోళన కలిగితే శాఖకు తెలియజేయడం బడి సిబ్బందికి చట్టరీత్యా విధి. దాన్ని పగగా తీసుకోకండి. శాఖ పిలిస్తే వెళ్లండి, కానీ ఇంగ్లిషుతో సర్దుకోకుండా తెలుగు దుబాసీని అడగండి. మీ మాటలను ఎలా రాసుకున్నారో చూపించమనండి.