లేబర్ రూమ్‌లో ఆక్సిజన్ మాస్క్ సంచి ఉబ్బట్లేదు, ఏటి చెయ్యాలి?

గజపతి సిస్టర్: మధ్యాహ్నం రెండు నుంచి ఇదే పని. మాస్కులు మూడు మార్చాను, ట్యూబు మార్చాను. ఆక్సిజన్ వెళ్ళే నీళ్ళ సీసాలో బుడగలొస్తున్నాయి, సంచి మాత్రం తడిగుడ్డలా అతుక్కుపోయే ఉంది. నిన్న రాత్రి ఒకామెకి నొప్పుల్లో కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 100కి దిగింది, ఆక్సిజన్ నిమిషానికి 10 లీటర్లు పెట్టమన్నారు. సంచి నిండలేదు, గుండె కూడా వెంటనే తేరుకోలేదు. మళ్ళీ ఇలాంటి కేసొస్తే ఎలా? ఎవరైనా చెప్పండి.

మత్తు డాక్టర్: తల్లి ఎస్పీఓటూ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత?

గజపతి సిస్టర్: 98. దానికీ సంచికీ ఏటి సంబంధం?

మత్తు డాక్టర్: 98 ఉంటే మాస్కే అక్కర్లేదు.

బరంపురం మెషీన్ల మనిషి: సిలిండరా, కాన్సంట్రేటరా (గాలి నుంచి ఆక్సిజన్ తీసే మెషీను)? అది రాయలేదు. 5 లీటర్ల కాన్సంట్రేటరైతే ఆ సంచి నిండదు. దానికి 10 నుంచి 15 లీటర్ల ధార కావాలి. 5 లీటర్ల మెషీనుకి ముక్కు గొట్టాలే పెట్టండి. సిలిండరైతే ముందు సీసా మూత చూడండి. ట్యూబుని వేళ్ళతో గట్టిగా మడిచి పట్టుకోండి. మూత బిగుతుగా ఉంటే గాలి పోయే దారిలేక పైన వాల్వు కూత పెడుతుంది. కూత రాక బుడగలు అలాగే వస్తుంటే గాలి మూత దగ్గరే పోతోంది. ఇంకొకటి, మాస్కు పెట్టేముందు లోపలి రబ్బరు బిళ్ళను బొటనవేలితో నొక్కి సంచి నింపాలి. బీ టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్లుంటుంది. నిమిషానికి 10 చొప్పున వదిలితే రెండున్నర గంటల్లో ఖాళీ.

పాత లేబర్‌రూమ్ అప్ప: సంచి సంగతి సరే. అప్పుడు డ్రిప్‌లో ఆక్సిటోసిన్ (నొప్పులు పెంచే మందు) నడుస్తోందా చెల్లీ? అది చెప్పలేదు. 98 ఉన్న తల్లికి మాస్కు పెడితే బిడ్డకి చేరేది చాలా తక్కువ. 11 గ్రాముల హిమోగ్లోబిన్ 100 ఎంఎల్ రక్తంలో 14 ఎంఎల్ పైనే ఆక్సిజన్ మోస్తుంది. మాస్కు వల్ల రక్తంలో అదనంగా కరిగేది ఒక్క ఎంఎల్ అటూఇటూ. బిడ్డకి తగ్గింది మాయ దగ్గర రక్తప్రవాహం. నొప్పి నొప్పికీ మధ్య విరామం లేకపోయినా, తల్లి వెల్లకిలా పడుకున్నా, బీపీ పడిపోయినా, బొడ్డుతాడు నొక్కుకున్నా అదే జరుగుతుంది. అందుకని ముందు ఆక్సిటోసిన్ ఆపాలి. ఎడమ పక్కకి తిప్పాలి, బీపీ చూడాలి, తాడు జారిందేమో లోపల పరీక్ష చెయ్యాలి. బీపీ తక్కువుంటే సెలైన్ 500 ఎంఎల్ వేగంగా. పది నిమిషాల్లో ఐదు మించి నొప్పులొస్తూ ఆక్సిటోసిన్ ఆపినా తగ్గకపోతే, డాక్టరు చెప్పాకే నొప్పులు తగ్గించే టెర్బుటలిన్ 250 మైక్రోగ్రాములు చర్మం కింద. తల్లికి గుండెజబ్బుంటే వద్దు. అయినా తేరుకోకపోతే ఆలస్యం చెయ్యక రిఫర్. ఆక్సిజన్ మామూలుగా ఉన్న తల్లికి బిడ్డ కోసమని అలవాటుగా ఆక్సిజన్ పెట్టొద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2022లోనే చెప్పింది.

రాయగడ ల్యాబ్: సికిల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే రక్తజబ్బు) సంగతి ఎవరూ ఎత్తరేం? మన కొండ ఊళ్ళలో సికిల్ టెస్టు లేకుండా కాన్పుకి వచ్చేవాళ్ళున్నారు. సికిల్ ఉన్నవాళ్ళకి ఎస్పీఓటూ 95 దిగనివ్వకూడదు. హిమోగ్లోబిన్ 6 ఉన్న తల్లికీ ఆక్సీమీటర్ 98 చూపిస్తుంది. మోసే రక్తమే సగమని అది చెప్పదు. ముందు హిమోగ్లోబిన్ చూడండి.

మత్తు డాక్టర్: సికిల్, ఫిట్లు, రక్తస్రావంతో షాక్, 94 లోపు ఎస్పీఓటూ. వీటిలో తల్లి కోసం ఆక్సిజన్ పెట్టాల్సిందే.

కోరాపుట్ ట్యూటర్: ఒక మాట. కేస్‌షీటులో ‘ఫీటల్ డిస్ట్రెస్’ (బిడ్డకి ఇబ్బంది) అని రాయకండి. గుండె ఎంతకి దిగింది, నొప్పి సమయంలోనా తర్వాతా, ఎన్ని నిమిషాలు, అది రాయండి. రిఫర్ చీటీ చదివేవాళ్ళకి పనికొచ్చేది అదే.

రాయగడ ల్యాబ్: అందరూ రాసే మాటే కదండీ. బంధువులకి ‘బిడ్డకి గాలాడట్లేదు’ అంటేనే అర్థమవుతుంది.

కోరాపుట్ ట్యూటర్: అలా అంటే వాళ్ళు మాస్కే పెట్టమంటారు. ‘బిడ్డకి రక్తం సరిగా అందట్లేదు’ అనండి.

గజపతి సిస్టర్: 5 లీటర్ల మెషీనే. అప్పుడు ఆక్సిటోసిన్ నడుస్తూనే ఉంది, నేను రాయలేదు. సీసా మూత కూడా వదులే. థాంక్స్ అప్పా, డ్యూటీకెళ్తున్నాను.