జెకర్యా 8:19లో పదో నెల ఉపవాసం చివర ఎందుకుంది?

బైబిలు పాత నిబంధనలోని ఆ వచనంలో యూదుల నాలుగు ఉపవాసాలు వరసగా వస్తాయి: నాలుగో నెలది, అయిదో నెలది, ఏడో నెలది, పదో నెలది. పదో నెలది యెరూషలేము ముట్టడి మొదలైనందుకు. మిగతా మూడు ఉపవాసాలకు కారణమైనవన్నీ ముట్టడి తర్వాతే కదా జరిగాయి: ప్రాకారం పగిలింది, ఆలయం కాలింది, యూదా దేశానికి బబులోను నియమించిన అధిపతి గెదల్యా హత్య జరిగింది. మరి మొదట జరిగింది చివరికెందుకు పోయిందన్నదే ప్రశ్న.

ఇదే ప్రశ్న మీద యూదు మతగురువుల (రబ్బీల) చర్చల గ్రంథమైన తల్మూదులో, రోష్ హషానా భాగంలో, వాదం నడిచింది. రబ్బీ అకీవా లెక్కలో ఈ ఉపవాసం యూదుల పదో నెల టెబేతు 10న. రాజులు రెండవ గ్రంథం 25:1 ప్రకారం బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం నగరాన్ని చుట్టుముట్టిన రోజు అది. వచనం నెలల వరస పాటించింది, సంఘటనల వరస కాదు అంటాడాయన. రబ్బీ షిమోన్ ఒప్పుకోడు. ఆయన లెక్కలో అది టెబేతు 5, నగరం పడిపోయిందన్న కబురు బబులోను చెరలో ఉన్నవాళ్లకు అందిన రోజు (యెహెజ్కేలు 33:21). అలా చదివితే నెలలూ వరసలో ఉంటాయి, సంఘటనలూ వరసలో ఉంటాయి. కబురు విన్న రోజునే ఆలయం కాలిన రోజుతో సమానంగా ఎంచారని ఆయన వాదన. వచనం వరకే చూస్తే నాకు షిమోన్ మాటే బలంగా అనిపిస్తుంది. ఆచారంలో మాత్రం అకీవా చెప్పిన 10వ తేదీయే నిలిచింది.

ఇంకో చిక్కుముడి: యూదుల కొత్త సంవత్సరం ఏడో నెల తిష్రీలో మొదలైనా, వచనంలో నెలల లెక్క నీసాను నుంచి. నీసాను సుమారుగా మన చైత్రం రోజుల్లో వస్తుంది. టెబేతు పదోదైనట్టే మన పుష్యమూ పదోదే.

ఈ పదో నెల ఉపవాసం తెల్లవారు వెలుగు నుంచి చుక్కలు పొడిచేదాకా. మంచినీళ్లు కూడా ముట్టరు. యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌లా ముందురోజు సాయంత్రమే మొదలవదు, స్నానానికీ తోలుచెప్పులకూ అడ్డు లేదు. జబ్బుపడ్డవాళ్లకు మినహాయింపు ఉంది. ప్రార్థనల్లో సెలిహోత్ అనే క్షమాపణ పాఠాలు చేర్చి, నిర్గమకాండం 32, 34 అధ్యాయాల్లోని భాగాలు చదువుతారు. ఇజ్రాయెల్‌లో ప్రధాన రబ్బీలు దీన్ని మరో దుఃఖానికీ కేటాయించారు: నాజీల మారణకాండలో ఏ రోజున పోయారో తెలియనివాళ్ల కోసం వాళ్లవాళ్లు కద్దీష్ (చనిపోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన) చదివే రోజు ఇదే.

ఈ నాలుగింటిలో శుక్రవారం పడగలిగేది ఇదొక్కటే. 2025 జనవరి 10న అలాగే పడింది, ఆ రోజు మనకు ముక్కోటి ఏకాదశి. శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాతు వచ్చేస్తున్నా ఉపవాసం మధ్యలో విడవరు. చీకటిపడి, ద్రాక్షారసం మీద కిద్దూష్ (సబ్బాతును పవిత్రంగా ఎంచే ప్రార్థన) చెప్పాకే భోజనానికి కూర్చుంటారు.