ఒకే దేశం, ఒకే ఎన్నికల పద్ధతి. మరి తీవ్ర మితవాద పార్టీ ఒకవైపే ఎందుకు గెలుస్తోంది?

తీవ్ర మితవాద (ఫార్ రైట్, అంటే వలసలను గట్టిగా వ్యతిరేకించే జాతీయవాద) పార్టీలు కొన్ని ప్రజాస్వామ్యాల్లోనే ఎందుకు నిలదొక్కుకుంటాయో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. వలసలు, నిరుద్యోగం అనే జవాబు నాకు ఆనడం లేదు.

బెల్జియం చూడండి. డచ్ మాట్లాడే ఉత్తర ప్రాంతం ఫ్లాండర్స్‌లో తీవ్ర మితవాద వ్లామ్స్ బెలాంగ్ పెద్ద పార్టీ. నిరుద్యోగం ఇంకా ఎక్కువున్న, ఫ్రెంచ్ మాట్లాడే దక్షిణ ప్రాంతం వలోనియాలో మాత్రం అలాంటి పార్టీకి అడ్రసే లేదు. రెండు చోట్లా ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతే! వలోనియాలో ఫ్రెంచ్ మీడియా అలాంటి నాయకులకు ప్రత్యక్ష ప్రసారాల్లో మైకు ఇవ్వదని కొందరంటారు. కార్మికుల్లో సోషలిస్టు పార్టీకున్న పట్టే కారణమని ఇంకొందరు. నాకు రెండోదే సబబనిపిస్తోంది, కానీ తేల్చుకునేదెలా?

బ్రిటన్ సంగతి కొంత అర్థమైంది. 2015లో ఈ కోవకే చెందిన యూకిప్ పార్టీకి 12.6 శాతం ఓట్లొచ్చినా దక్కింది ఒక్క సీటు. అక్కడ అడ్డుపడింది, మనలాగే నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవారే గెలిచే ఎన్నికల పద్ధతే.

పోర్చుగల్ దగ్గరే లెక్క తప్పుతోంది. నియంతృత్వపు జ్ఞాపకాలున్నాయి కాబట్టి అక్కడ ఇలాంటివి పెరగవనేవారు. 2019లో 1 సీటుతో పార్లమెంటులో అడుగుపెట్టిన తీవ్ర మితవాద పార్టీ షేగా 2025కల్లా 60కి చేరింది. ఆరేళ్లలో జ్ఞాపకాలు చెరిగిపోవు కదా (అసలు అవే కాపాడాయా అన్నదీ అనుమానమే).

ఇంకొకటి: ప్రధాన పార్టీలు వీళ్ల నినాదాలనే అందుకుంటే వీళ్ల ఓట్లు తగ్గుతాయా, పెరుగుతాయా? దేశాల పేర్లతో ఉదాహరణలిస్తే మేలు.