24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కి రోటవేటర్: తక్కువ ధరదా, హెవీ డ్యూటీదా?

నల్గొండ_బత్తాయి:

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. ఆరెకరాల బత్తాయి తోట, మూడెకరాల పత్తి. తోటకి తొమ్మిదేళ్ళు. 20 అడుగుల దూరంలో పెట్టాం గానీ కొమ్మలు పరుచుకుని ఇప్పుడు సాళ్ళ మధ్య తొమ్మిది, పది అడుగులే మిగిలింది. కిరాయికి పెద్ద ట్రాక్టర్ వస్తే ప్రతిసారీ కొమ్మలు విరుగుతున్నాయి, కాయ రాలుతోంది. అది చూడలేక పోయిన నెల 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ తీసుకున్నాం. బండి బాగుంది, దాని గురించి బాధ లేదు.

ఇప్పుడు వెనక తగిలించే పనిముట్ల దగ్గర ఆగిపోయాను. షోరూమ్‌లో రెండు రోటవేటర్లు (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసేవి) చూపించారు. ఒకటి మూడడుగులది, పక్కన చైన్ డ్రైవ్, 70 వేలు. రెండోది నాలుగడుగులది, గేర్ డ్రైవ్, బరువు 340 కేజీలు, రేకు చూస్తేనే మందంగా ఉంది, లక్షా 12 వేలు. "మళ్ళీ మళ్ళీ కొనేది కాదు, హెవీది తీసుకో, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని వాళ్ళ మాట. మా నాన్నేమో అసలు రోటవేటర్ ఎందుకురా, గొర్రు (అదే కల్టివేటర్) ఒక్కటి చాలు అంటున్నారు.

మా నేల ఎర్ర చల్క. పైన చూస్తే మెత్తగానే ఉంటుంది కానీ కింద పలుగురాళ్ళు, పిడికిలంత నుంచి కొబ్బరికాయంత దాకా. అందుకే తక్కువ ధరది విరిగిపోతుందేమో అని టెన్షన్. పనిముట్లన్నిటికీ కలిపి చేతిలో రెండు లక్షలు ఉన్నాయి. రోటవేటర్, కల్టివేటర్, మందు కొట్టే బ్లోయర్, ఇవన్నీ అందులోనే సర్దాలి. వాడిన అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి. షోరూమ్ వాళ్ళ మాట విన్నాను, యూట్యూబ్ కూడా చూశాను, ఇప్పుడు తోట ఉన్న రైతు మాట కావాలి.

చీనీతోట_అనంతపురం:

తమ్ముడూ, మీరు బత్తాయి అంటారు, మా వైపు చీనీ అంటాం, చెట్టు ఒకటే కాబట్టి నా అనుభవం నీకు పనికొస్తుంది. నేను సరిగ్గా నువ్వు ఇప్పుడు చేయబోయేదే నాలుగేళ్ళ కిందట చేశాను. 24 హెచ్‌పీ బండికి నాలుగడుగుల హెవీ రోటవేటర్ తగిలించాను. మొదటి రోజే గట్టు ఎక్కించేటప్పుడు రోటవేటర్ పైకెత్తితే ముందు చక్రాలు జానెడు లేచాయి. స్టీరింగ్ తిప్పుతున్నా బండి తిరగదు, అలాగే పోయి చెట్టు మొదలుకి తగిలి ఆగింది. నాకేం కాలేదు గానీ ఆ రోజు చేతులు వణికాయి.

హెవీ అన్న మాట విని రేకు మందం చూస్తాం, మన బండి బరువు చూడం. నీ ట్రాక్టర్ టన్ను లోపే ఉంటుంది. లిఫ్ట్ 750 కేజీలని పుస్తకంలో రాసి ఉంటుంది, కానీ అది లింకు కొసల దగ్గర, అంటే వెనక పనిముట్టు తగిలించే చేతుల చివర, కొలిచిన లెక్క. రోటవేటర్ బరువు అక్కడ ఉండదు, ఇంకో రెండడుగులు వెనక ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ లిఫ్ట్ మోయగలిగేది తగ్గుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. 340 కేజీలు లేపడం వరకు లేపుతుంది. లేపాక బండి నీ మాట వినాలి కదా.

ఇంకోటి, 24 హెచ్‌పీ అనేది ఇంజిన్ లెక్క. రోటవేటర్‌ని తిప్పేది పీటీవో, అంటే బండి వెనక పనిముట్లని తిప్పే షాఫ్ట్. అక్కడికి వచ్చేసరికి బండిని బట్టి 18 నుంచి 22 దాకా మిగులుతుంది. పెద్ద ట్రాక్టర్ల వాళ్ళు 35, 40 హెచ్‌పీకి ఐదడుగులు, 50కి ఆరడుగులు వాడతారు. అంటే అడుగుకి ఏడెనిమిది హెచ్‌పీ. ఆ లెక్కన నీ బండికి మూడు, మూడుంబావు అడుగుల రోటవేటరే సరి. నాలుగడుగులది వేస్తే మెత్తటి దుక్కిలో లాగుతుంది, నీ పలుగురాళ్ళలో మాత్రం పొగ వదులుతూ మూలుగుతుంది. నేను రెండేళ్ళు అలా మూలిగించి చివరికి అమ్మేశాను.

మీ నాన్నగారి మాట కొట్టిపారేయకు. చీనీకి నీళ్ళు, ఎరువు పీల్చే సన్న వేర్లు పైపైనే ఉంటాయి. రోటవేటర్ ఆరంగుళాలు దించి చెట్టు పాదు దాకా తిప్పితే ఆ వేర్లు తెగిపోతాయి, తెగిన చోట నుంచి కుళ్ళు మొదలవుతుంది, ఎండు తెగులు అలాగే వస్తుంది. నా తోటలో పదకొండు చెట్లు పోయాయి. అన్నీ రోటవేటర్ వల్లే అనను, కానీ ఆ వరుసల్లోనే నేను లోతుగా తిప్పాను, అది నాకు గుర్తుంది. మూడు, నాలుగంగుళాలు మించకు, కొమ్మల కిందికి పోకు, సాలు మధ్యలోనే తిప్పు. తుంగ, గరిక ఎక్కువగా ఉంటే రోటవేటర్ వాటిని ముక్కలు చేసి తోటంతా నాటి పెడుతుంది. అక్కడ గొర్రు తోలి, వేర్లు పైకి లాగి, ఎండలో ఎండనివ్వడమే మంచిది.

మెకానిక్_మిర్యాలగూడ:

రిపేరు చేసేవాడిగా చెప్తున్నా. నా షెడ్డులో పద్నాలుగేళ్ళుగా రోటవేటర్లు విప్పుతున్నాను. రేకు చిరిగి వచ్చినవి చాలా తక్కువ. వచ్చేవన్నీ తిరిగే భాగాలే: గేర్‌బాక్స్, పక్క చైన్, రోటర్ బేరింగులు, ఆయిల్ సీళ్ళు, పీటీవో షాఫ్ట్ క్రాసులు. కాబట్టి డబ్బు ఎక్కువ పెట్టాల్సింది తిరిగే చోట, రేకు మందానికి కాదు. ఊరికే లాగేవి ఉంటాయి చూడండి, కల్టివేటర్, గుంటక, చదును చేసే బ్లేడు, అవి తక్కువ ధరవైనా ఫర్వాలేదు. వంగితే కొట్టి సరిచేసుకోవచ్చు, విరిగితే వెల్డింగ్ పెట్టుకోవచ్చు. గేర్ పళ్ళు ఊడితే వెల్డింగ్ పనికిరాదు.

చైన్ డ్రైవ్ పనికిరాదని నేను అనను. ధర తక్కువ, తెగితే పల్లెలోనే మార్చుకోవచ్చు. కానీ సాగుతుంది, మధ్యమధ్యలో బిగించుకోవాలి, ఆయిల్ తగ్గితే తొందరగా పోతుంది. మీలాంటి రాళ్ళ నేలలో గేర్ డ్రైవే నయం. మీకు ఈ రెండిట్లో ఏదీ సరిపోదు. ఒక మీటరు వెడల్పులో, 220 నుంచి 250 కేజీల మధ్య, గేర్ డ్రైవ్‌ది అడగండి. షోరూమ్‌లో లేకపోతే తెప్పిస్తారు, పది రోజులు ఆగండి.

రాళ్ళ నేల అన్నారు కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. పీటీవో షాఫ్ట్‌లో షియర్ బోల్ట్ అని చిన్న బోల్టు ఉంటుంది. పెద్ద రాయి ఇరుక్కుంటే అది తెగిపోవాలి, దాని పనే అది. పోయిన వానాకాలం ఒకాయన రోటవేటర్ తెచ్చారు. ఆయిల్ దించితే డబ్బాలోకి వెండి రంగు పెయింట్ పోసినట్టు పడింది, అంతా ఇనుప పొడి. మూత తీస్తే పెద్ద గేరుకి నాలుగు పళ్ళు వరసగా లేవు, ఒలిచిన మొక్కజొన్న కంకిలా ఉంది. షాఫ్ట్ చూస్తే షియర్ బోల్ట్ బదులు తల మీద 8.8 అని ఉన్న గట్టి బోల్టు వేసి ఉంది. మాటిమాటికీ తెగుతోందని డ్రైవరు మార్చాడట. పది రూపాయల బోల్టు తెగనందుకు గేర్‌బాక్స్ తెగింది. కంపెనీ ఇచ్చిన బోల్టులే ఒక పొట్లం కొని సీటు కింద పెట్టుకోండి. లేదంటే స్లిప్ క్లచ్ (రాయి ఇరుక్కుంటే తెగకుండా జారిపోయేది) ఉన్న షాఫ్ట్ తీసుకోండి, కాస్త ఖర్చు ఎక్కువే గానీ రాళ్ళ నేలకి ఆ డబ్బు పెట్టొచ్చు.

డ్రిప్ ఉందా మీ తోటలో? ఉంటే పైపులు చుట్టి చెట్ల వైపు జరపకుండా రోటవేటర్ దించొద్దు. పైపు ముక్క రోటర్ కొసకి చుట్టుకుని, వేడికి కరిగి, సీలుని కోసేస్తుంది. సీలు పోతే ఆయిల్ కారిపోతుంది, తర్వాత బేరింగు పోతుంది. సాయంత్రం పని అయ్యాక కొసలు రెండూ చేత్తో తడిమి చూసుకోండి, ఇంజిన్ ఆపేశాకే. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవరు తీసేసి నడిపే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి అది చేయొద్దు. తువ్వాలు కొస, లుంగీ అంచు అందితే చాలు, నిమిషానికి 540 చుట్లు తిరిగేదాని నుంచి మనిషి తప్పించుకోలేడు.

ఖమ్మం_రైతు_అక్క:

తమ్ముడూ, కొనే తొందరలో సబ్సిడీ సంగతి మర్చిపోవద్దు. కేంద్రం 2014-15 నుంచి నడుపుతున్న వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ ఉంది, స్మామ్ అంటారు. అందులో చిన్న, సన్నకారు రైతులకి, ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి 50 శాతం దాకా, మిగతావాళ్ళకి 40 శాతం దాకా ఇస్తారు, పనిముట్టుని బట్టి పై పరిమితి ఉంటుంది. మీ అమ్మగారి పేరు మీదో, మీ ఇంటావిడ పేరు మీదో పట్టా ఉందేమో చూడు. మాకు మా అత్తమ్మ పేరు మీద వచ్చింది. కాకపోతే ముందు కొనేసి తర్వాత బిల్లు పట్టుకుని వెళ్తే లాభం లేదు, ముందు మంజూరు కావాలి. వాళ్ళ జాబితాలో ఉన్న మోడలే తీసుకోవాలి. నిధులు అన్నివేళలా ఉండవు కాబట్టి మీ మండల వ్యవసాయాధికారిని కలిసి, ఈ సీజన్‌లో ఇస్తున్నారా లేదా అని ముఖాముఖి అడుగు.

బిల్లు కూడా చూసుకో. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లకీ, దుక్కి పనిముట్లకీ జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెప్తే ఒప్పుకోవద్దు.

బ్లోయర్ మాత్రం ఇప్పుడే కొనొద్దని నా సలహా. ఏడాదికి ఎన్నిసార్లు కొడతావో కాగితం మీద రాసుకో. దగ్గర్లో అద్దె కేంద్రం ఉంటే తెచ్చుకుని, రెండు సీజన్లు చూసి కొనుక్కో. కొన్నా లిఫ్ట్ మీద మోసేది పెద్ద ట్యాంకు వద్దు, 400 లీటర్లు అంటే నీళ్ళే 400 కేజీలు.

నల్గొండ_బత్తాయి:

అన్నా, అక్కా, అందరికీ చాలా థాంక్స్. నాలుగడుగులది పక్కన పెట్టేశాను. మెకానిక్ అన్నా, ఇంకొక్కటి. కల్టివేటర్ మా దగ్గర వర్క్‌షాప్‌లో ఐదు కర్రులది 19 వేలకి చేసిస్తామంటున్నారు, కంపెనీది 32 వేలు. లోకల్ది నమ్మొచ్చా? ఇంకా, మీటరు రోటవేటర్ అయితే టైరు గుర్తు మిగిలిపోదా? బండి వెనక టైర్లు బయటికి బయట 43 అంగుళాలు ఉన్నాయి.

మెకానిక్_మిర్యాలగూడ:

లోకల్ది తీసుకోవచ్చు, కానీ బండి వర్క్‌షాప్‌కి తోలుకెళ్ళి, తగిలించి, పైకెత్తి, దించి చూశాకే డబ్బులివ్వండి. వాళ్ళకి పెద్ద ట్రాక్టర్లవి చేసే అలవాటు. పెద్దవాటికి కింది లింకు పిన్ను 28 మిల్లీమీటర్లు, మీ బండికి 22. వదులు పిన్నుతో లాగితే రంధ్రం కోడిగుడ్డులా అయిపోతుంది, ఆరు నెలల్లో పనిముట్టు పాములా ఊగుతుంది. స్ప్రింగులు ఉన్నదే చేయించుకోండి, రాయి తగిలితే కర్రు వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తుంది. స్ప్రింగు లేని కర్రు మీ నేలలో వంగిపోతుంది. కర్రు మొనలు బోల్టుతో బిగించేవి కావాలి, వెల్డింగ్‌వి వద్దు, అరిగాక తిప్పి వేసుకోవచ్చు.

టైరు గుర్తు మాట నిజమే. మీటరు అంటే 39 అంగుళాల పైచిలుకు, మీకు నాలుగంగుళాలు తక్కువ పడుతుంది. రోటవేటర్‌ని ఒక పక్కకి జరిపి బిగించుకునే వీలున్నది అడగండి. చెట్టు వైపుకి జరిపితే ఆ పక్క టైరు గుర్తు చెరిగిపోతుంది, బండి కొమ్మలకి దూరంగా ఉంటుంది. రెండో పక్క గుర్తు తిరిగొచ్చేటప్పుడు పోతుంది.

చీనీతోట_అనంతపురం:

ఇంకో మాట. మా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వానికి వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నువ్వు కొనే మోడల్‌కి ఇలాంటి సంస్థ ఇచ్చిన పరీక్షా నివేదిక ఉందా అని షోరూమ్‌లో అడుగు. బ్లేడు ఎంత అరిగింది, ఎంత గట్టిగా ఉంది, కొలిచిన బరువెంత, నడిపేటప్పుడు ఏం విరిగింది, అన్నీ అందులో ఉంటాయి. హెవీ డ్యూటీ అని స్టిక్కరు ఎవరైనా అంటిస్తారు. కాగితం అడిగితే సగం మంది మాట మారుస్తారు.

నల్గొండ_బత్తాయి:

మూడు వారాలయింది, ఏం చేశానో చెప్పాలి కదా. సబ్సిడీకి అమ్మ పేరు మీద అడిగాం, ఈ సీజన్‌కి మా మండలంలో లేదన్నారు. వానలు దగ్గరపడుతున్నాయని ఆగలేదు. మీటరు వెడల్పు, గేర్ డ్రైవ్, 235 కేజీలది, పక్కకి జరిగేది, స్లిప్ క్లచ్ షాఫ్ట్‌తో కలిపి 96 వేలు పడింది. కల్టివేటర్ వర్క్‌షాప్‌లోనే చేయించాను. మొదటిసారి పిన్ను వదులుగానే ఉంది, అన్న చెప్పినట్టు బండి తీసుకెళ్ళాను కాబట్టి అక్కడే బుష్ వేయించాను. బ్లోయర్ అద్దెకే.

నిన్న మొదటి సాలు నాన్నే తోలారు. చివరకి వెళ్ళి బండి ఆపి, దిగి, మట్టి చేత్తో తీసి లోతు చూశారు, నాలుగు వేళ్ళు. పక్కనే చెట్టు వైపు ఇంకాస్త తవ్వితే సన్న వేర్లు తెల్లగా అలాగే ఉన్నాయి. రాళ్ళు టకటకా తగులుతున్నాయి, క్లచ్ రెండుసార్లు జారింది, ఏదీ విరగలేదు. తుంగ ఉన్న చివరి రెండు వరుసలు గొర్రుతోనే చేశాం.

మెకానిక్_మిర్యాలగూడ:

సంతోషం. పది గంటలు నడిచాక బ్లేడు బోల్టులన్నీ ఒకసారి బిగించండి, కొత్తలో వదులవుతాయి. మొదటి గేర్ ఆయిల్ పుస్తకంలో రాసిన గంటలకే మార్చేయండి, పైకి బాగానే కనిపించినా సరే. క్లచ్ జారుతోందని స్ప్రింగులు అదనంగా బిగించొద్దు.