ఆగస్టులోనే ఒహాయో స్టేట్‌తో తలపడటం టెక్సస్ కొంప ముంచిందా?

ఆస్టిన్ వాసి:
2025 సీజన్ ముగిసి ఇంతకాలమైనా నాకో సంగతి మింగుడుపడటం లేదు. ఇక్కడ అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్ళు బాగానే ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా టెక్సస్ 9 గెలిచి 3 ఓడింది. గెలిచినవాటిలో ఓక్లహోమా (23-6), టెక్సస్ ఏ అండ్ ఎం (27-17) ఉన్నాయి. డిసెంబరు 7న ఎంపిక కమిటీ ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ ప్లేఆఫ్‌కి 12 టీమ్‌లను ప్రకటించినప్పుడు ఏ అండ్ ఎం ఏడో ర్యాంకు, ఓక్లహోమా ఎనిమిదో ర్యాంకు. ఆ ఇద్దరినీ ఓడించిన మేం పదమూడు. అంటే బయట!

కారణం మూడు ఓటములు. అందులో మొదటిది ఆగస్టు 30న కొలంబస్ దాకా వెళ్ళి ఒహాయో స్టేట్ చేతిలో 14-7తో ఓడింది. అప్పటికి వాళ్ళు డిఫెండింగ్ ఛాంపియన్లు. ఆ వారం మేం ఇంటిపట్టున ఉండి ఏదో పసికూన టీమ్‌ని పిలిచి 50-0తో ఉతికేసి ఉంటే 10-2తో ముగించేవాళ్ళం, ప్లేఆఫ్‌లో ఉండేవాళ్ళం. కోచ్ సార్కిసియన్ కూడా సీజన్ చివర్లో ఇదే వాదించాడు. కష్టమైన షెడ్యూల్ పెట్టుకున్నందుకు ఇదా బహుమానం? ఇకనుంచి ఏ టీమ్ అయినా ఆగస్టు, సెప్టెంబరుల్లో పెద్దవాళ్ళ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. మీరేమంటారు?

బ్లూమింగ్టన్ బాబాయ్:
ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది తమ్ముడూ. ఒహాయో స్టేట్ పేరు చెప్పి అసలు ఓటమిని దాటేశావు. అక్టోబరు 4న ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓడారు కదా, ఆ ఫ్లోరిడా సీజన్ ఎలా ముగిసింది? 4-8. కెంటకీని ఓడించడానికి ఓవర్‌టైమ్ కావాల్సి వచ్చింది. మిసిసిపీ స్టేట్‌తోనూ అంతే. జార్జియా అయితే 35-10తో చితక్కొట్టింది. ఇవన్నీ ఆగస్టులో జరిగాయా?

ఆస్టిన్ వాసి:
బాబాయ్, నీతులు తర్వాత. ముందు మీ ఇండియానా ఆడిన మొదటి మూడు మ్యాచులు ఎవరితోనో చెప్పండి. ఓల్డ్ డొమినియన్, కెన్నెసా స్టేట్, ఇండియానా స్టేట్. మూడోది 73-0. అదీ ఒక మ్యాచేనా? కడుపులో చల్ల కదలకుండా సెప్టెంబరు గడిపేసి మాకు పాఠాలా!

బ్లూమింగ్టన్ బాబాయ్:
మూడూ పసికూనలే, కాదన్నదెవరు? 2024లో మమ్మల్ని ఇదే మాట అన్నారు. అప్పట్లో అందులో కొంత నిజం ఉంది కూడా. 11-1తో ప్లేఆఫ్‌కి వచ్చాం, ఒక్క ఓటమి ఒహాయో స్టేట్ చేతిలో 38-15. తర్వాత సౌత్‌బెండ్ వెళ్ళి నోటర్‌డేమ్ చేతిలో 27-17. "షెడ్యూల్ పుణ్యమా అని వచ్చారు, మొదటి గట్టి దెబ్బకే పోయారు" అని టీవీల్లో దంచి కొట్టారు.

మరుసటి ఏడు కూడా షెడ్యూల్ మొదలు అలాగే పెట్టుకున్నాం. కానీ సెప్టెంబరు 20న ఇల్లినాయ్ వచ్చింది. అప్పుడు వాళ్ళు మొదటి పది ర్యాంకుల్లో ఉన్నారు. 63-10. తర్వాత యూజీన్ వెళ్ళి ఓరెగాన్‌ని 30-20తో ఓడించాం. పెన్ స్టేట్‌లో చివరి నిమిషంలో ఒమర్ కూపర్ జూనియర్ ఎండ్‌జోన్ (బంతి చేరిస్తే స్కోరు వచ్చే చోటు) వెనక గీత దగ్గర గాల్లోకి లేచి బంతి పట్టి, ఒక్క కాలి వేళ్ళు లోపల ఆనించిన క్యాచ్ చూశావా? 27-24. ఒహాయో స్టేట్‌తో మా కాన్ఫరెన్స్, అంటే మా లీగ్ అయిన బిగ్ టెన్ ఫైనల్ 13-10. ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్ అయిన రోజ్ బౌల్లో అలబామా 38-3. చివరికి ఫైనల్లో మయామీ 27-21. 16 ఆడి 16 గెలిచాం. పసికూనలతో మొదలుపెట్టడం నేరమైతే ఆ కప్పు ఎలా వచ్చినట్టు?

డెంటన్ కుర్రాడు:
అన్నయ్యలూ, నేను యూఎన్‌టీలో (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్) ఎంఎస్ చేస్తున్నా, ఈ ఆట చూడటం మొదలుపెట్టిందే మొన్నటి సీజన్ నుంచి. మా టీమ్ బాగా ఆడిందని అందరూ స్టేడియానికి పోతుంటే నేనూ పోయా. నాకు అర్థం కానిది ఒక్కటే. ఐపీఎల్‌లో పది టీమ్‌లు, తలా 14 మ్యాచులు, పాయింట్ల పట్టిక చూస్తే ఎవడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఇక్కడ 2025లో పై డివిజన్లోనే 136 టీమ్‌లు, ఒక్కొక్కరికి పన్నెండే మ్యాచులు. ఒకరితో ఒకరు ఆడనే ఆడని టీమ్‌లకు ర్యాంకులు ఎలా ఇస్తారు? అదీ ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే ఆగస్టులో!

ఫ్రిస్కో:
తమ్ముడూ, నువ్వడిగిందే అసలు ప్రశ్న. ఆగస్టులో వచ్చేది ఏపీ పోల్, అంటే విలేకరుల ఓట్లు. ప్లేఆఫ్ కమిటీ మాత్రం నవంబరు దాకా ర్యాంకులు ఇవ్వదు. ఆ తేడా తెలియక జనం సెప్టెంబరులోనే వాపు చూసి బలుపనుకుంటారు. కిందటి సీజన్ మొదటి వారమే తీసుకుందాం.

ఆగస్టు 30న ఫ్లోరిడా స్టేట్ అలబామాని 31-17తో ఓడించింది. ఊరూవాడా ఒకటే గోల. అలబామా పని అయిపోయింది, ఫ్లోరిడా స్టేట్ లేచింది అన్నారు. నెల తిరగకముందే వాళ్ళని పది లోపు ర్యాంకుకి ఎక్కించారు. చివరికి ఫ్లోరిడా స్టేట్ 5-7. అలబామా ప్లేఆఫ్‌లో.

అదే రాత్రి నాలుగో ర్యాంకు క్లెమ్సన్ మీద ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) 17-10తో గెలిచింది. ఆ వారం అంతకంటే గొప్ప గెలుపు లేదన్నారు. రెగ్యులర్ సీజన్ అయ్యేసరికి రెండు టీమ్‌లూ 7-5. ఎల్‌ఎస్‌యూ అయితే అక్టోబరులోనే కోచ్ బ్రయాన్ కెల్లీని ఇంటికి పంపింది. ఆగస్టులో ఎవరెస్టులా కనిపించిన మ్యాచ్ డిసెంబరులో చూస్తే రెండు మామూలు టీమ్‌ల మధ్య జరిగిన మామూలు ఆట.

ఇక పెన్ స్టేట్. సీజన్‌కి ముందు రెండో ర్యాంకు. నెవాడా, ఎఫ్‌ఐయూ, విల్లనోవాలతో మొదటి మూడు మ్యాచులు కలిపి 132-17. ఆ మూడు ఆటలు చూసి ఆ టీమ్ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేం. సెప్టెంబరు 27న ఓరెగాన్ వచ్చి రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 30-24తో గెలిచింది. మరుసటి వారం అప్పటికి ఒక్కటీ గెలవని యూసీఎల్‌ఏ చేతిలో 42-37. ఆపై వారం సొంతగడ్డ మీద నార్త్‌వెస్టర్న్ చేతిలో 22-21. అక్టోబరు 12న కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ ఉద్యోగం ఊడింది.

నేననేది, షెడ్యూల్ కష్టమా తేలికా అన్నది దాన్ని వేసిన రోజున తేలదు, ఆడిన రోజునా తేలదు. నువ్వు ఓడించినవాడు మిగతా పదకొండు మ్యాచులు ఎలా ఆడాడన్నదాన్ని బట్టి తేలుతుంది. పైగా ఇలాంటి మ్యాచులు చాలా ఏళ్ళ ముందే ఖరారవుతాయి. అప్పటికి ఎవడు కోచో, ఎవడు ఆట నడిపించే క్వార్టర్‌బ్యాకో దేవుడికెరుక.

ఆస్టిన్ వాసి:
అన్నా, మీరు చెప్పినవన్నీ నా వాదనకే బలం. తర్వాత ఎలా తేలుతుందో తెలియని మ్యాచ్ మీద పందెం కాయడం ఎందుకు? టెక్సస్ టెక్ చూడండి. పైన్ బ్లఫ్ మీద 67-7, కెంట్ స్టేట్ మీద 62-14, ఓరెగాన్ స్టేట్ మీద 45-14. హాయిగా నాలుగో సీడ్ కొట్టారు, మొదటి రౌండ్ ఆడకుండానే క్వార్టర్ ఫైనల్‌కి పోయారు.

బ్లూమింగ్టన్ బాబాయ్:
పోయి ఓరెగాన్ చేతిలో 23-0తో వచ్చారు. అదీ చెప్పు.

కొలంబస్ ఇల్లాలు:
ఆ రోజు స్టేడియంలో ఉన్నాను, నాలుగు మాటలు చెప్పనివ్వండి. మూడో క్వార్టర్‌లో టెక్సస్ మా గోల్ గీత దగ్గరికి వచ్చేసింది. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, గజం దూరం. లక్షమందికి పైగా జనం, పక్కనున్న మావారు ఏమంటున్నారో కూడా వినబడలేదు. మూడు పాయింట్ల కిక్ అయిన ఫీల్డ్ గోల్ కొట్టకుండా వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ బంతి పట్టుకుని నేరుగా గుంపులోకి దూసుకెళ్ళాడు. మా డిఫెన్స్ మొత్తం ఒకేసారి మీద పడింది. కుప్ప విడిపోయేదాకా ఎవరికీ తెలియదు. లేచేసరికి బంతి గీతకి ఇవతలే ఉంది. మ్యాచ్ ఏడు పాయింట్ల తేడాతో పోయిందంటే ఆ గజం దగ్గరే పోయింది.

ఆస్టిన్ గారూ, మీ టీమ్ ఆ రోజు బాగా ఆడింది. మొదటి ర్యాంకు టీమ్‌గా వచ్చారు, గొప్ప డిఫెన్స్ చూపించారు. టీవీలో కోటిన్నర మందికి పైగా చూశారు. అలాంటి మ్యాచులే వద్దంటే ఇక సెప్టెంబరులో మేం చూడాల్సింది ఏమిటి? గ్రాంబ్లింగ్ మీద మా వాళ్ళు 70-0 కొట్టడమా? అదీ చూశాను, రెండో క్వార్టర్‌కే పిల్లలు ఇంటికెళ్దామని గొడవ.

సౌత్‌బెండ్ సీనియర్:
మీ బాధ బాధే కాదు. మాది వినండి. ఆగస్టు 31న మా నోటర్‌డేమ్‌కి మయామీలో చివర్లో పడ్డ ఫీల్డ్ గోల్‌తో 27-24 ఓటమి. సెప్టెంబరు 13న ఇంట్లో ఏ అండ్ ఎం చేతిలో 41-40. దానిలో మా వాళ్ళు టచ్‌డౌన్ (ఆరు పాయింట్లు) కొట్టి, ఆ తర్వాత తన్నాల్సిన ఒక్క పాయింట్ కిక్‌కి బంతిని సరిగా నిలబెట్టలేకపోయారు. పదమూడు సెకన్లు మిగిలి ఉండగా అవతలివాళ్ళు టచ్‌డౌన్ కొట్టి ఆ ఒక్క పాయింట్ తేడాతోనే గెలిచారు. అక్కడినుంచి వరసగా పది గెలిచాం. కమిటీ తన ర్యాంకుల్లో ప్రతివారం మమ్మల్ని మయామీ కంటే పైనే పెట్టింది. తీరా చివరి రోజు, మేం గానీ వాళ్ళు గానీ ఆ వారం ఆడకుండానే, మయామీ పది, మేం పదకొండు అయ్యాం. చివరి రెండు చోట్లు కింది ర్యాంకుల కాన్ఫరెన్స్ ఛాంపియన్లకి పోవడంతో పదకొండు అంటే బయటే. ఆగస్టు మ్యాచ్ డిసెంబరులో గుర్తొచ్చిందట!

ఫ్రిస్కో:
సీనియర్ గారూ, వారం వారం వాళ్ళు మిమ్మల్ని పైన పెట్టడమే తప్పు, చివర్లో దించడం కాదు. ఇద్దరివీ 10-2, మైదానంలో వాళ్ళే గెలిచారు. పైగా మయామీ ప్లేఆఫ్‌లో ఏ అండ్ ఎంని, ఒహాయో స్టేట్‌ని, ఓలె మిస్‌ని దాటి ఫైనల్ దాకా పోయింది. ఆస్టిన్ తమ్ముడూ, ఇది నువ్వు చూడాల్సిన కేసు. మయామీ ఆ సీజన్లో లూయీవిల్, ఎస్‌ఎంయూలతో ఓడింది. నోటర్‌డేమ్‌తో ఆడకుండా ఇంకో పసికూనతో ఆడి ఉంటే రికార్డు అదే 10-2, కానీ ప్లేఆఫ్‌లో ఉండేది కాదు. వాళ్ళని లోపలికి తెచ్చింది ఆగస్టు మ్యాచే.

మీకూ ఒకసారి అలాగే జరిగింది. 2023 సెప్టెంబరు 9న టస్కలూసాలో అలబామాని 34-24తో ఓడించారు. నాలుగే టీమ్‌లున్న ప్లేఆఫ్‌లో ఆ గెలుపు వల్లే మూడో సీడ్ వచ్చింది. అదే ఏడాది 13-0తో ఉన్న ఫ్లోరిడా స్టేట్‌ని బయట పెట్టారు. అప్పుడు పెద్ద మ్యాచ్ తీపి, ఇప్పుడు చేదా?

ఆస్టిన్ వాసి:
గెలిస్తే తీపి అన్నా, ఓడితే చేదు. నా బాధ అదే. ఓడినా ఎంతోకొంత మార్కులు వేయాలి కదా!

ఫ్రిస్కో:
వేస్తున్నారు. 2025 ఆగస్టులో కమిటీ తన లెక్కల్లో కొత్తది ఒకటి చేర్చింది. మంచి టీమ్ చేతిలో ఓడితే కోత తక్కువ, బలహీనుడి చేతిలో ఓడితే ఎక్కువ. దాని ప్రకారం కొలంబస్ ఓటమి నీకు పెద్దగా తగల్లేదు, తగిలింది ఫ్లోరిడాదే. అలాంటి దెబ్బ ఒక్కటైతే తట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరు 7న నార్తర్న్ ఇల్లినాయ్‌కి 14 లక్షల డాలర్లిచ్చి మరీ ఇంటికి పిలిచి 16-14తో ఓడిన నోటర్‌డేమ్, మళ్ళీ ఒక్కటీ ఓడకుండా ఫైనల్ దాకా పోయింది. మీరు మాత్రం ఫ్లోరిడా తర్వాత జార్జియా దగ్గర కూడా ఓడారు.

సౌత్‌బెండ్ సీనియర్:
ఆ 14 లక్షల సంగతి ఇప్పుడు గుర్తు చేయాలా నాయనా!

బ్లూమింగ్టన్ బాబాయ్:
ఒక మాట మాత్రం ఆస్టిన్ తరఫున చెప్పాలి. మా వాళ్ళు వర్జీనియాతో 2027, 2028లో ఆడాల్సిన మ్యాచులు రద్దు చేసుకున్నారు. అడిగితే మా కోచ్ సిగ్నెట్టి "మేమూ ఎస్‌ఈసీ వాళ్ళ దారే పట్టాం" అన్న అర్థంలో చురక వేశాడు. అప్పటిదాకా ఎస్‌ఈసీ, అంటే టెక్సస్ ఉన్న కాన్ఫరెన్స్ వాళ్ళు, తమలో తాము ఎనిమిదే ఆడేవాళ్ళు, మేం తొమ్మిది. 2026 నుంచి వాళ్ళకీ తొమ్మిదే. ఆ తొమ్మిదిలోనే నాలుగు గట్టివి తగిలితే పైన ఇంకో ఒహాయో స్టేట్ ఎందుకు?

కొలంబస్ ఇల్లాలు:
ఎందుకంటారేమిటి బాబాయ్ గారూ! యూఎస్‌సీ, నోటర్‌డేమ్ 1926 నుంచి ఆడుతున్న పోటీ. అది కూడా ఇప్పుడు ఆగిపోయింది. ఎవరి లెక్కలు వాళ్ళు చూసుకుంటూ పోతే ఇంకో పదేళ్ళకి సెప్టెంబరంతా 70-0లే. కప్పు మీకొచ్చింది కాబట్టి మీకు బాగానే ఉంటుంది.

డెంటన్ కుర్రాడు:
అక్కా, మా లాంటి చిన్న కాలేజీల సంగతి కూడా చూడండి. మమ్మల్ని పిలిచి డబ్బిచ్చేదే ఆ 70-0 మ్యాచులకి. మేం 12-2తో ముగించినా ప్లేఆఫ్ దరిదాపుల్లోకి రానిచ్చారా? కాన్ఫరెన్స్ ఫైనల్లో టులేన్ చేతిలో 34-21తో ఓడాం, కథ కంచికి. పెద్దవాళ్ళు 9-3 అయితే ఇంత చర్చ, మా గురించి ఒక్క పోస్టూ లేదు.

ఫ్రిస్కో:
తమ్ముడు చెప్పింది నిజం. ఆస్టిన్, చివరగా ఒకటడుగుతా. 2026 సెప్టెంబరు 12న ఒహాయో స్టేట్ మీ ఊరొస్తోంది. నువ్వన్నట్టే అది రద్దు చేసి ఆ శనివారం ఇంకో పసికూనని పెడితే వెళ్తావా? ఆస్టిన్ ఎండలో, అదే టికెట్ రేటుకి?

ఆస్టిన్ వాసి:
సీజన్ టికెట్ డబ్బు ముందే కట్టేశా అన్నా, ఎవరొచ్చినా వెళ్ళక తప్పదు. కానీ చూస్తూ ఉండండి, మళ్ళీ 9-3 వచ్చి అందులో ఈ మ్యాచ్ ఒకటైతే డిసెంబరులో ఇక్కడికే వచ్చి ఇదే గొడవ పెడతా. ఫ్లోరిడా చేతిలో ఈసారి ఓడం, ఆ ఊసెత్తడానికి మీకు వీలుండదు.