రగ్బీ లీగ్‌లో వేగం పెరిగాక ఆట రుచి పెరిగిందా, తగ్గిందా?

పటమట ప్రేక్షకుడు (విజయవాడ):
మా అక్క కొడుకు సిడ్నీ వెళ్ళినప్పటి నుంచి నాకు ఈ ఆట అలవాటయింది. అక్కడ చలికాలంలో శుక్రవారం రాత్రి 8 గంటలకు మొదలయ్యే పోటీ మనకు మధ్యాహ్నం 3:30కే వస్తుంది కనుక భోజనం చేసి కూర్చుంటాను. తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను: జట్టుకు 13 మంది, ఆట 80 నిమిషాలు. బంతి పట్టినవాడిని పడగొట్టాక అతడు లేచి దాన్ని కాలితో వెనక్కి దొర్లించేలోగా ఎదుటి జట్టు 10 మీటర్లు వెనక్కి తగ్గాలి. ఆరోసారి కూడా పడగొడితే బంతి చేతులు మారుతుంది. 2020 మే నెలలో, కరోనా విరామం ముగిశాక, ఆస్ట్రేలియాలోని ప్రధాన రగ్బీ లీగ్ పోటీ అయిన ఎన్‌ఆర్‌ఎల్‌లో కొత్త నిబంధన వచ్చింది. పడినవాడిని లేవనివ్వకుండా అదిమిపెడితే పెనాల్టీ కోసం ఆట ఆపకుండా ఆ ఆరింటి లెక్కను మళ్ళీ మొదటి నుంచి పెడతారు. దీన్నే సిక్స్ అగైన్ అంటారు. 2021లో దీన్ని ఎదుటి జట్టు 10 మీటర్లు వెనక్కి తగ్గని తప్పులకు కూడా వర్తింపజేశారు. ఆ ఏడాది ఏకపక్ష పోటీలు ఎన్ని చూశామో! నా మటుకు ఆనందం తగ్గింది.

బ్రాడీపేట వాసి (గుంటూరు):
మీతో ఏకీభవించలేను. అంతకు ముందు ముగ్గురు మనుషులు ఒకడి మీద పడి, లేస్తున్నట్టు నటిస్తూ లేవకుండా కాలక్షేపం చేయడాన్ని రక్షణ కళ అనాలా? అసలు ఈ ఆట చరిత్రే వేగం కోసం జరిగిన వెతుకులాట. 1895లో ఇంగ్లండ్‌లోని హడర్స్‌ఫీల్డ్‌లో పాత రగ్బీ సంఘం నుంచి విడిపోయిన జట్లు 1906లో ఆటగాళ్ళను 15 నుంచి 13కు తగ్గించాయి. ఒకే జట్టు బంతిని ఎంతసేపైనా అట్టిపెట్టుకుంటోందని 1966లో నాలుగు టాకిళ్ళ (పడగొట్టడాల) పరిమితి పెట్టారు.

తెనాలి చెడుగుడు మనిషి:
బ్రాడీపేట వారూ, ఆ చరిత్రలో మిగతా సగం కూడా చెప్పండి. నాలుగుతో ఆట మరీ హడావుడిగా తయారైందని 1972లో దాన్ని ఆరు చేశారు. వేగం చాలక కాదు, ఎక్కువై వెనక్కి తగ్గారన్నమాట.

నేను ఊళ్ళో సంక్రాంతి పందేల్లో కార్నర్‌లో, అంటే పట్టేవాళ్ళ వరుస చివర, ఆడినవాణ్ణి. కూతకు వచ్చినవాడు బోనస్ గీత మీదికి బొటనవేలు చాపి, నడుము వెనక్కి వాల్చి నిలబడే ఆ రెండు క్షణాల్లో నా కళ్ళు అతడి ముఖం మీద కాదు, మడమ మీద ఉండేవి. చెడుగుడు రుచి అంతా అక్కడే ఉంది. ప్రో కబడ్డీలో కూతకు 30 సెకన్ల గడువు ఉన్నా ఆ రుచి పోలేదు. ఎందుకంటే గడువు కూతకు వెళ్ళినవాడిని తరుముతుంది, పట్టేవాళ్ళను కాదు. పైగా ముగ్గురో అంతకన్నా తక్కువ మందో మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ టాకిల్ కింద అదనపు పాయింటు ఇస్తారు. సిక్స్ అగైన్‌లో వేగం ఖర్చంతా కాపాడుకునేవాడి ఊపిరి మీదే పడుతుంది.

పటమట ప్రేక్షకుడు:
నేను చెప్పలేకపోయిన మాట ఇదే. దానికి తోడు పాయింట్లు సాధించిన జట్టుకే ఎదుటివాళ్ళు బంతిని తన్ని అప్పగించే పద్ధతి ఉండేది. అలసినవాడు అలసిపోతూనే ఉంటాడు. 2022లో దాడి చేసే జట్టు తన గోల్ గీత నుంచి 40 మీటర్లలోపు ఉన్నప్పుడు జరిగే తప్పులకు మళ్ళీ పెనాల్టీ తెచ్చారంటే, అతివేగం బెడిసికొట్టిందని వాళ్ళకూ తోచిందనే అనుకుంటున్నాను.

బ్రాడీపేట వాసి:
40 మీటర్ల సవరణ మంచిదే, ఒప్పుకుంటాను. సిక్స్ అగైన్‌ను పూర్తిగా ఎత్తివేయాలంటే మాత్రం ఒప్పుకోను. స్క్రమ్ (రెండు జట్లవాళ్ళూ గుంపుగా తలపడి ఆటను తిరిగి మొదలుపెట్టడం) కోసం తీరిగ్గా నడుచుకుంటూ వచ్చే జట్లకు 2016లో గడియారం పెట్టినప్పుడు ఎవరూ బాధపడలేదు కదా. డెబ్బయ్యో నిమిషంలో కాళ్ళు కదలని స్థూలకాయుడి పక్కనుంచి సన్నటి హాఫ్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) దూసుకుపోయి, గోల్ గీత దాటి బంతిని నేలకు ఆనించి చేసే ట్రై నాకు ఇప్పటికీ ముద్దుగానే ఉంటుంది. ఆ సందు అలసట వల్లే ఏర్పడింది, నిజమే. దాన్ని కనిపెట్టింది మాత్రం అతడే కదా.