అప్‌డేట్: నాన్న సీఎంఆర్ఎఫ్ దరఖాస్తు, కొత్త ఎమ్మెల్యే లెటర్

నాన్న ఆపరేషన్ బిల్లులకు ముఖ్యమంత్రి సహాయ నిధి కావాలంటే మా ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లాలా, మొదటిసారి గెలిచిన మనిషి కదా, పని అవుతుందా అని అప్పుడు అడిగాను. ‘ముందు పీఏని పట్టుకో’ అన్నారు చాలామంది. నిజమే, పనంతా అక్కడే జరిగింది.

క్యాంపు ఆఫీసులో పొద్దున్నే జనం. ట్రాన్స్‌ఫార్మర్, కల్యాణలక్ష్మి, పింఛను, అన్నదమ్ముల గెట్టు పంచాయితీ, అన్నీ ఎమ్మెల్యే నెత్తినే. చట్టాలు చేయమని గెలిపిస్తాం, తీరా మనకు కావాల్సింది సంతకం!

పీఏ ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ ఒక్కొక్కటే తిరగేశాడు. ఆధార్‌లో, పాస్‌బుక్కులో ఇంటిపేరు వేరేగా ఉందని సరిచేయించుకు రమ్మన్నాడు. తెలంగాణలో 2024 జులై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఎమ్మెల్యే లెటర్ కూడా అప్‌లోడ్ చేయాలి. చెక్కు మీద అకౌంట్ నంబరు వేస్తారు కాబట్టి పేరు తేడా ఉంటే తిప్పలే.

ఎమ్మెల్యే కారెక్కబోతూ లెటర్ బానెట్ మీద పెట్టి మొత్తం చదివారు. "ఆరోగ్యశ్రీలో ఎందుకు చేయించలేదు తమ్ముడూ?" అని అడిగి మరీ సంతకం పెట్టారు. కొత్త కాబట్టి ఇంకా చదువుతున్నారేమో!

చెక్కు వచ్చింది. బిల్లంతా కాదు, కొంతే. మీవాళ్లకు ఆపరేషన్ ఇంకా కాకపోతే బిల్లుల దాకా ఆగకండి. నిమ్స్ లాంటి ఆసుపత్రిలో అయితే ముందే ఎల్‌ఓసీ (వైద్యం ఖర్చుకు ప్రభుత్వం ఆసుపత్రికిచ్చే హామీ లెటర్) అడగండి, దానికీ ఎమ్మెల్యే లెటర్ పనికొస్తుంది.